కారు కార్డును చేతిలోకి ఎక్కించుకోవచ్చా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. ఉద్యోగరీత్యా బెంగళూరులో, బెళ్లందూరు దగ్గర ఉంటున్నాం. పోయినేడు ఎలక్ట్రిక్ కారు కొన్నాను. మామూలు తాళంచెవితో పాటు రెండు కార్డులు ఇచ్చారు. కార్డును డ్రైవర్ వైపు బయటి అద్దానికి (సైడ్ మిర్రర్‌కు) ఆనిస్తే తలుపు తెరుచుకుంటుంది. ఫోన్‌లోని యాప్‌తో కూడా తెరవొచ్చు. నెల కిందట ఒక మాల్ బేస్‌మెంట్‌లో ఇరుక్కుపోయాను. ఫోన్‌తో బండి తీసుకొచ్చాను, సినిమా అయ్యేసరికి ఫోన్ ఆగిపోయింది, కార్డున్న పర్సు ఇంట్లో ఉండిపోయింది. సెక్యూరిటీ అతని ఫోన్ అడిగి చేస్తే మా ఆవిడ పాపను చంకనేసుకుని ఆటోలో వచ్చి కార్డు ఇచ్చింది. ఆ రాత్రి నుంచి ఒకటే ఆలోచన: ఈ కార్డేదో చేతిలోనే ఉంటే పోలా అని. ఆన్‌లైన్‌లో ఎన్‌టాగ్ 216 చిప్ ఉన్న కిట్ తెప్పించాను. చిప్ ఉన్న చిన్న గాజు గొట్టాన్ని సూదిలోనే పెట్టి పంపారు. కోరమంగళలో చెవులూ ముక్కులూ కుట్టే (పియర్సింగ్) ఒకతను ఎక్కిస్తానన్నాడు. కార్డులో ఉన్నది ఫోన్‌తో చదివి ఇందులోకి కాపీ చేసుకుందామని నా ఉద్దేశం. నాన్నకు చెబితే మండిపడ్డారు. క్యాన్సర్ వస్తుందంటారు, ఎక్కడికెళ్లినా ఎవడో కనిపెడుతుంటాడంటారు. మా ఆవిడైతే మాట్లాడటమే మానేసింది. చేయించుకోమంటారా, వద్దంటారా?

జవాబు: వద్దు. ఆ కిట్ వద్దు, ఆ మనిషి చేత అసలే వద్దు. చేతిలో చిప్ పెట్టించుకోవడం తప్పని నేననను. ప్రపంచంలో వేలమంది పెట్టించుకున్నారు, హాయిగా తిరుగుతున్నారు. కానీ మీరు తెప్పించిన చిప్ మీ కారు తలుపు తీయదు. నొప్పి పడి, డబ్బు పోసి, ఇంట్లో మాటలు పడి, చివరికి మళ్లీ అదే బేస్‌మెంట్‌లో అద్దానికి చేయి రుద్దుకుంటూ నిలబడతారు. అందుకే ముందు కారు సంగతి చూద్దాం, చేతి సంగతి తర్వాత.

మీ ఆలోచన అంతా ‘కాపీ’ అన్న ఒక్క మాట మీద నిలబడి ఉంది. పడిపోయేది కూడా అక్కడే. ఎన్‌టాగ్ 216 అనేది చిన్న నోటుపుస్తకం. 888 బైట్ల ఖాళీ ఉంటుంది. అందులో ఒక వెబ్ చిరునామానో ఫోన్ నంబరో రాసుకోవచ్చు. దానికో సొంత నంబరు ఉంటుంది. ఏ ఫోన్ దగ్గర పెట్టినా ఆ నంబరూ ఆ రాతా చెప్పేస్తుంది. అంతకుమించి లెక్కలు కట్టే తెలివి దానికి లేదు. కారు కార్డు అలాంటిది కాదు. అందులో ఉన్నది చిన్న కంప్యూటరు. కార్డు ఆనించగానే కారు దానికి అప్పటికప్పుడు పుట్టించిన ఒక సంఖ్యను పంపుతుంది. కార్డు తన లోపల దాచుకున్న రహస్య కీతో ఆ సంఖ్య మీద లెక్క కట్టి జవాబు మాత్రమే బయటికి పంపుతుంది. బ్యాంకు ఓటీపీ లాగా, ఈసారి చెప్పిన జవాబు మళ్లీసారి చెల్లదు. ఆ కీని బయటికి ఇవ్వమని అడిగే ఆదేశమే ఆ కార్డులో ఉండదు. మీ ఫోన్ కాదు కదా, దాన్ని తయారుచేసిన కంపెనీ రీడర్‌తో అడిగినా ఇవ్వదు. ఇక కాపీ చేయడానికి ఏముంది?

నా మాట నమ్మాల్సిన పని లేదు, ఇంట్లోనే చూసుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఎన్‌ఎక్స్‌పీ కంపెనీ వాళ్ల ట్యాగ్‌ఇన్ఫో యాప్ వేసుకోండి, ఉచితమే. ముందు కారు కార్డు ఫోన్ వెనక పెట్టండి. ఐఎస్ఓ 14443-4 అని చూపిస్తే అది లెక్కలు కట్టే రకం అన్నమాట. అక్కడే యూఐడీ అన్న నంబరు చూడండి. 08తో మొదలై, తీసి పెట్టిన ప్రతిసారీ మారుతుంటే ఆ కార్డు తన అసలు నంబరు కూడా ఎవరికీ చెప్పకుండా దాస్తోందని అర్థం. తర్వాత ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే ఎస్పీ రోడ్డులో ఒక ఎన్‌టాగ్ స్టిక్కర్ కొనుక్కుని అదీ చదివి చూడండి. 04తో మొదలయ్యే ఏడు బైట్ల నంబరు వస్తుంది, ఎన్నిసార్లు చదివినా అదే. మీ కిట్‌లో ఉన్నది ఆ స్టిక్కరుకు తమ్ముడే. స్టిక్కరును అద్దానికి ఆనించి చూడండి. కారు పలకదు. స్టిక్కరుకు పలకనిది, చర్మం కింద పెట్టినంత మాత్రాన పలకదు.

మరి చేత్తో కారు తలుపు తెరిచే ఆ వీడియోల మాటేమిటని అడుగుతారు. అవి నిజమే. కానీ వాటిలో బాగా పేరొచ్చినవి టెస్లా కార్లవి, ఎలా చేశారో చూస్తే మీకే అర్థమవుతుంది. 2019లో అమెరికాలో ఒక ప్రోగ్రామర్ ముందు మీలాగే అనుకుంది, తన చేతిలో అప్పటికే ఉన్న చిప్‌లోకి టెస్లా కార్డులోని సరుకు మార్చుకుందామని. కుదరలేదు. అప్పుడు కార్డునే ఎసిటోన్‌లో నానబెట్టి, ప్లాస్టిక్ కరిగాక చిప్‌నీ యాంటెన్నానీ బయటికి తీసి, శరీరానికి పడే పాలిమర్ పూత వేయించి ముంజేతిలో పెట్టించుకుంది. అంత చేసినా చేయి కారుకు అంగుళం దూరంలోకి వస్తేనే పనిచేసింది. ఆ తర్వాత టెస్లా కార్డు కారుతో ఎలా మాట్లాడుతుందో ఔత్సాహికులు విప్పి చూసి, అదే పని చేసే ప్రోగ్రాము రాశారు. వివోకీ అపెక్స్ అనే ఇంప్లాంట్ (ఒంట్లో పెట్టించుకునే చిప్) జావా కార్డు రకం, అంటే ప్రోగ్రాములు నడపగలదు. 2022లో దాన్ని చేతిలో పెట్టించుకున్నతను కార్డును కాపీ చేయలేదు. తన చేతిని ఇంకో కొత్త కార్డుగా కారులో నమోదు చేసుకున్నాడు. తేడా గమనించండి: చిప్‌కు లెక్క కట్టడం రావాలి, ఆ కారు భాష తెలియాలి, కొత్త కీని చేర్చుకునే దారి యజమాని చేతిలో ఉండాలి. మీకు ఈ మూడిట్లో మొదటి రెండూ లేవు. దాని భాషలో మాట్లాడే ప్రోగ్రాము మీ దగ్గర లేదు, మీ చిప్‌లో దాన్ని నడిపే శక్తి లేదు. కొత్త కార్డు చేర్చే పని కూడా కొన్ని కార్లలో స్క్రీన్ మీదే అవుతుంది గానీ, కొన్నిటిలో సర్వీస్ సెంటర్ వాళ్ల పరికరంతోనే జరుగుతుంది.

ఫోన్‌లోని డిజిటల్ కీ కథ వేరు. దానికి కార్ కనెక్టివిటీ కన్సార్టియం అని కార్ల కంపెనీలూ ఫోన్ కంపెనీలూ కలిసి పెట్టుకున్న ప్రమాణం ఉంది. ఫోన్‌లోని సెక్యూర్ చిప్‌నీ, కారునీ, కంపెనీ సర్వర్‌నీ సర్టిఫికెట్లతో ముడివేస్తారు. ఆ ముడిలోకి బయటి చిప్‌ను దూర్చే సందు లేదు.

ఇంకో దారి ఉందని మీకెవరైనా చెప్పే ఉంటారు: ఎస్పీ రోడ్డులో పీఎన్ 532 రీడర్ బోర్డు, దానికో ఆర్డుయినో (చిన్న కంట్రోలర్ బోర్డు), ఒక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) కొని కారు సెంట్రల్ లాక్ వైరుకు కలిపేస్తే మీ ఎన్‌టాగ్ నంబరు చూసి తలుపు తీస్తుందని. తీస్తుంది. ఆ నంబరు చదివి ఖాళీ చిప్‌లో రాసుకున్న ఎవరికైనా కూడా తీస్తుంది, ఎందుకంటే నంబరు మార్చుకోగలిగే చిప్‌లు బజార్లో దొరుకుతాయి. కోట్లు పెట్టి ఇంజనీర్లు కట్టిన తాళం పక్కన మీరే ఒక కిటికీ తెరిచినట్టు. పైగా ఎలక్ట్రిక్ బండిలో వైరు కోసి అతుకేశారని తెలిస్తే వారంటీ దగ్గర పేచీ పెడతారు. దయచేసి ఆ పని చేయకండి.

ఎసిటోన్ దారిలో వెళ్దామని కూడా అనుకోకండి. బండి దొంగతనమైతే బీమా క్లెయిమ్‌కు కంపెనీ వాళ్లు ఎఫ్ఐఆర్, ఆర్సీతో పాటు ఒరిజినల్ తాళాలన్నీ తెచ్చి ఇమ్మంటారు. ఒకటి తగ్గితే ఎక్కడుందో చెప్పమంటారు. కరిగించి చేతిలో పెట్టుకున్నానని రాసిస్తే ఆ ఫైలు ఎన్నాళ్లు తిరుగుతుందో ఊహించుకోండి. బండి అమ్మినప్పుడూ అంతే.

సరే, రేపెప్పుడో మీ కారుకు సరిపోయే ఇంప్లాంట్ వచ్చిందనుకుందాం. అప్పుడు కూడా యాంటెన్నా దగ్గర పట్టు చిక్కదు. మీ దగ్గరున్న లాంటి గాజు గొట్టం 12 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. లోపల ఫెర్రైట్ అనే అయస్కాంత పదార్థపు కడ్డీకి వెంట్రుకంత రాగితీగ చుట్టి ఉంటుంది. కార్డులోనైతే తీగ అంచుల వెంట బల్లపరుపుగా, వెడల్పుగా తిరుగుతుంది. కారు అద్దంలోని రీడర్‌ను ఆ వెడల్పాటి కాయిల్ (తీగచుట్ట) కోసం చేశారు. గాజు గొట్టాన్ని తెచ్చి ఆ రీడర్ నడిమధ్యలో పడుకోబెడితే పలకదు, ఎందుకంటే అక్కడ అయస్కాంత క్షేత్రం నిటారుగా పైకి లేస్తుంది, కడ్డీ అడ్డంగా పడుకుని ఉంటుంది. రీడర్ కాయిల్ అంచు ఎక్కడుందో వెతికి, ఆ తీగను గొట్టం అడ్డంగా దాటేలా, దాదాపు ఆనించి పెడితే అప్పుడు పలుకుతుంది. మీ చిప్ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉంటుంది కాబట్టి, వానలో, ఒక చేత్తో పాపను ఎత్తుకుని, మణికట్టు తిప్పి తిప్పి ఆ అంచు వెతుక్కోవాలి. దానికి తోడు ఆగి ఉన్న బండి 12 వోల్టుల బ్యాటరీ అయిపోకుండా రీడర్‌ను కాసేపు నిద్రపుచ్చుతూ, మధ్యమధ్యలో మాత్రమే లేపుతుంటుంది. కార్డంత వెడల్పు కాయిల్ వస్తే గుర్తుపట్టి లేస్తుంది. బియ్యపు గింజంత కాయిల్ వచ్చిందని దానికి తెలియకపోవచ్చు. పల్చటి రేకులా ఉండే పెద్ద ఇంప్లాంట్లు ఇంతకంటే బాగా పలుకుతాయి. కానీ వాటికి కోత కూడా పెద్దదే.

ఇప్పుడు చేయి. రక్తం తీసే సూది మందం ఒక మిల్లీమీటరు లోపే. ఇక్కడ లోపలికి వెళ్లే గొట్టమే రెండు మిల్లీమీటర్లు. అది పట్టే సూది ఇంకా లావుగా ఉంటుంది. వేళ్ల మధ్య చర్మాన్ని పైకి ఎత్తిపట్టి, చర్మానికీ కండకూ మధ్య పెట్టాలి. కొంచెం లోతుకు దిగితే అక్కడ కండ ఉంది, ఆ కండ సందులోంచి మణికట్టు నుంచి వచ్చే రక్తనాళం అరచేతిలోకి దిగుతుంది. పైపైన స్పర్శ నరాల కొమ్మలున్నాయి. చెవి కుట్టే చేయి ఎంత నిలకడగా ఉన్నా ఈ దారి ఆ చేయి నేర్చుకున్నది కాదు. నొప్పి తెలియకుండా మత్తు ఇంజెక్షన్ ఇస్తానని అతనంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి, అది డాక్టరు మాత్రమే ఇవ్వాల్సింది.

నాకు అన్నిటికంటే ఎక్కువ బెంగ మీ కిట్ గురించి. ఇంప్లాంట్లకు వాడే గాజు ప్రత్యేకంగా ఉంటుంది. షాట్ 8625 అని శరీరంలో పెట్టడానికే తయారుచేసే రకం ఉంది. మీ డబ్బా మీద ఏ గాజో, ఏ పద్ధతిలో స్టెరిలైజ్ చేశారో, లాట్ నంబరు, గడువు తేదీ ఉన్నాయా? లేకపోతే అది ఏ వస్తువో మనకు తెలియదు. స్పిరిట్‌తో తుడిస్తే స్టెరైల్ అయిపోదు. లోపల పెట్టిన వస్తువు చుట్టూ క్రిములు చేరితే వస్తువు మీదే పొర కట్టుకుని దాక్కుంటాయి. యాంటీబయాటిక్ వాడినన్నాళ్లు తగ్గినట్టే ఉండి, ఆపగానే మళ్లీ చీము పడుతుంది. అప్పుడు కోసి తీయడమే. రోజూ పనిచేసే చేతికి ఆ అవస్థ ఎందుకు? షుగరు ఉన్నవాళ్లకూ, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకూ, గాయమైన చోట మచ్చ ఉబ్బెత్తుగా పెరిగే ఒంటితీరు ఉన్నవాళ్లకూ ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

మీ నాన్నగారి రెండు భయాల్లో ఎవడో కనిపెడుతుంటాడన్నది నిశ్చింతగా తీసేయొచ్చు. ఈ చిప్‌లో బ్యాటరీ లేదు, జీపీఎస్ లేదు, సిమ్ లేదు. రీడర్ పక్కకు వచ్చినప్పుడు దాని క్షేత్రం నుంచే కరెంటు తీసుకుని నాలుగు మాటలు చెప్పి మళ్లీ చల్లబడుతుంది. ఆయన జేబులోని ఫోన్ రోజూ చెప్పే కబుర్లలో వందో వంతు కూడా ఇది చెప్పదు. క్యాన్సర్ భయాన్ని మాత్రం తేలిగ్గా కొట్టిపారేయకండి. ప్రయోగశాల ఎలుకల్లో చిప్ చుట్టూ గడ్డలు వచ్చిన అధ్యయనాలు నిజంగానే ఉన్నాయి, 2007లో వాటి గురించి పెద్ద వార్తే వచ్చింది. అయితే ఎలుక శరీరంలో చర్మం కింద నునుపైన ఏ వస్తువు పెట్టినా గడ్డ కట్టే గుణం ఎక్కువ, మనిషికి అదే జరుగుతుందని ఎవరూ తేల్చలేదు. పెద్దాయనకు ఈ రెండు ముక్కలూ ఉన్నవి ఉన్నట్టు చెప్పండి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో మనుషుల కోసం వెరిచిప్ అనే చిప్‌కు అనుమతి ఇచ్చినప్పుడు కూడా కణజాలం ఎదురుతిరగడం, చిప్ ఉన్నచోటి నుంచి జరిగిపోవడం, ఎంఆర్ఐతో పడకపోవడం, సమాచారం బయటికి పొక్కడం అని ప్రమాదాల జాబితా రాసి మరీ ఇచ్చింది. ఆ చిప్ అమ్మకాలు 2010కల్లా ఆగిపోయాయి కూడా. భయపడే హక్కు ఆయనకుంది.

ఇక ఆ రాత్రి సంగతి. నాకు మీ ఉత్తరంలో కనిపించిన అసలు ఇబ్బంది చేతిలో చిప్ లేకపోవడం కాదు. ఫోన్‌తో బండి తీయడం అలవాటై, కార్డు తీసుకెళ్లడం మానేశారు. మీ యాప్ కీ బ్లూటూత్‌తో పనిచేసే రకమైతే ఫోన్ ఆగిన క్షణమే అదీ ఆగిపోతుంది. కొన్ని కార్లకు ఐఫోన్ వాలెట్‌లో కీ పెట్టుకునే వీలుంది, అందులోనైతే చార్జింగ్ అయిపోయాక కూడా ఐదు గంటల దాకా తలుపు తీసే ఏర్పాటు ఉంటుంది. మీ కారుకు అది ఉందేమో షోరూంలో అడగండి. లేకపోతే వాచ్‌లో కీ పెట్టుకోవడానికి కుదురుతుందేమో చూడండి. ఏదీ కుదరకపోయినా, రెండు కార్డుల్లో ఒకటి మీ పర్సులో కాకుండా మెడలో వేసుకునే ఆఫీసు ఐడీ కార్డు తొడుగులో పెట్టండి. ఐడీ కార్డూ కారు కార్డూ ఒకదాని వెనక ఒకటి ఉంటే రీడర్ తికమకపడుతుంది, కాబట్టి కారుకు చూపేటప్పుడు కారు కార్డును బయటికి లాగండి. ఫోన్ వెనక కవర్లో మాత్రం పెట్టకండి, ఫోన్ యాంటెన్నాకూ కార్డుకూ పడదు. ఇంకో కార్డు మీ ఆవిడ పర్సులో శాశ్వతంగా ఉండనివ్వండి. అది స్పేరు కాదు, ఆమెది. ఆ రాత్రి పాపతో ఆటోలో వచ్చింది ఆమె. ఆమె మౌనానికి సూది మీద కోపం ఒక్కటే కారణమనుకోవడం లేదు నేను. చేతికి చిప్ ఎక్కితే కారు మీ ఒంటికి అతుక్కుంటుంది. మీకు బాగోలేక ఆమె బండి తీయాల్సిన రోజున అది దేనికీ అక్కరకు రాదు. ఇంట్లో ఇద్దరూ నడిపే బండికి తాళం ఇద్దరి దగ్గరా ఉండాలి. ఈ ముక్క ఆమెతో కూర్చుని మాట్లాడండి.

ఇవన్నీ విన్నాక కూడా, కారు కోసం కాదు, ఆ చిప్ అంటేనే సరదా అంటారా? అది వేరే విషయం, మీ చేయి మీ ఇష్టం. అప్పుడు ప్రోగ్రాములు నడపగల రకం చిప్, పైన చెప్పిన వివరాలన్నీ రాసి ఉన్న కిట్, ప్లాస్టిక్ సర్జనో చేతి సర్జనో అయిన డాక్టరు, ఆయన పని చేసే ఆపరేషన్ థియేటరు ఉండాలి. డాక్టరు వద్దంటే వద్దు. కుక్కలకు వేసే చిప్ మాత్రం తేకండి, 134.2 కిలోహెర్ట్జ్ మీద పనిచేసే దాన్ని మీ ఫోనూ చదవదు, కారూ చదవదు. పైగా కదలకుండా ఉండాలని కొన్నిటికి వేసే పూత కణజాలంతో అతుక్కుని తీయడం కష్టమవుతుంది. పెట్టించుకున్న నాటి నుంచి ఏ స్కానింగ్‌కు వెళ్లినా ఫారంలో రాయాలి, నోటితోనూ చెప్పాలి. రెండు మూడు రోజుల తర్వాత ఎరుపు, వేడి తగ్గకుండా పెరుగుతుంటే, చేయి పైకి ఎర్రటి గీతలా పాకుతుంటే, జ్వరమొస్తే అదే పూట ఆసుపత్రికి వెళ్లాలి.

ఇప్పుడు మీ దగ్గరున్న కిట్‌ను ఏం చేయాలో చెప్పి ముగిస్తాను. సూది మూత తీయకండి, చిప్ బయటికి తీసి ఆడుకుందామని పిస్టన్ నొక్కకండి. డబ్బాతో సహా ఇంటి చెత్తలో వేయకండి. రేపు పొద్దున మీ అపార్ట్‌మెంట్ చెత్తను చేత్తో వేరుచేసే పారిశుద్ధ్య కార్మికురాలి వేలికి అది గుచ్చుకుంటుంది. దగ్గర్లోని క్లినిక్‌లో సూదులు వేసే తెల్లటి గట్టి డబ్బా ఉంటుంది. అడిగి, అందులో వేసి రండి.